ఒకే అడవి, ఒకే సొట్ట

పెద్దడవి పేరుకు ఒకటే అడవి గానీ అందులో బతుకులు రెండు రకాలు. రాచగుట్ట చుట్టుపక్కల ఉండేవాళ్ళకి తుమ్మితే ఒక వైద్యుడు, దగ్గితే ఇద్దరు వైద్యులు. చివరికొండలో ఉండేవాళ్ళు తుమ్మినా దగ్గినా పక్కవాడు "చిరంజీవ" అనడమే వైద్యం. ఈ తేడా అందరికీ తెలుసు. అందరికంటే బాగా తెలిసింది మైలన్నకి. మైలన్న బండెద్దు. ఆ అడవిలో ఏ వస్తువు ఎక్కడికి పోయినా వాడి మెడ మీదుగానే పోవాలి.

ఓ రోజు సింహం మహారాజుకి మంచి బుద్ధి పుట్టింది. భోజనం బాగా కుదిరిన రోజుల్లో ఆయనకి అలాంటివి పుడుతుంటాయి. "నా అడవిలో ప్రతి ఆస్పత్రికీ ఊపిరి మిషను ఉండి తీరాలి!" అని గర్జించాడు.

ఊపిరి మిషనంటే మరేం లేదు. ఓ ఇనప్పెట్టె, దాని పక్కన తిప్పే పిడి, పైన ఓ గొట్టం, గొట్టం చివర ముక్కుకి తగిలించే తొడుగు. పిడి తిప్పితే బుస్సు బుస్సుమని మంచి గాలి వస్తుంది. ఆయాసంతో కొట్టుకుంటున్న ప్రాణికి తగిలిస్తే ప్రాణం లేచొస్తుంది.

మిషన్లు వచ్చాయి. లాగింది మైలన్నే. "ముందు రాచగుట్టలో భద్రంగా దింపండి, తర్వాత పంపిద్దాం" అన్నారు పెద్దలు. ఆ తర్వాత అనేది ఏళ్ళు గడిచినా రాలేదు. ఒక మిషనుతో సింహంగారు స్నానం చేశాక జూలు ఆరబెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇంకోదాన్ని చిరుతపులిగారి బావమరిది పట్టుకుపోయాడు, మొక్కజొన్న పొత్తులు కాల్చుకునే కుంపటికి గాలి కొట్టుకోడానికి. మిగతావన్నీ దర్బారు అరుగు మీద వరసగా పెట్టారు, వచ్చినవాళ్ళు చూసి "అబ్బో" అనుకోవాలి గదా! ఒక్కటి మాత్రం దింపేటప్పుడు జారిపడి మూల సొట్టపోయింది. సొట్టది దర్బారులో ఏం బాగుంటుంది? అందుకని దాన్ని మిగతా అడవికంతటికీ ఇచ్చేశారు.

మిషను ఒకటి, ఆస్పత్రులు బోలెడు. దీన్ని సర్దడానికి నక్క నాగభూషణాన్ని వేశారు. ఆయనగారి హోదా సర్దుబాటు అధికారి.

నాగభూషణం బుర్రే బుర్ర! ఆస్పత్రులు తనిఖీ చేసేది ఏనుగు లంబోదరంగారు. ఆయన రాజమార్గం తప్ప వేరే దారి తొక్కడు. దారిలో చెరుకు తోట కనిపిస్తే ఆగకుండా ముందుకు పోడు. ఆయన ఓ ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి చేరేలోపు, మిషనుని బండికెక్కించి అడ్డదారిన అక్కడికి తోలెయ్యడమే సర్దుబాటు. లంబోదరంగారు వస్తాడు. "మిషనుందా?" అంటాడు. "ఉందయ్యా" అంటారు. చూస్తాడు. ముద్ర వేసినట్టు కాలితో నేలమీద ఒక్కటి చరుస్తాడు. ఆ ఆస్పత్రికి మిషను ఉన్నట్టే లెక్క. ఆయన అటు తిరగ్గానే మిషను బండెక్కుతుంది.

ఓసారి ఆయనకి అనుమానం వచ్చింది.

"ఏవయ్యా నాగభూషణం, మొన్న వాగుదరిలో చూసిన మిషనుకీ మూల సొట్టే. దీనికీ అదే మూల సొట్టే. ఏమిటిది?"

నాగభూషణం చేతులు కట్టుకున్నాడు. "అయ్యా, తమ కంటికి కనపడనిది ఉందా! అన్నీ ఒకే రకంగా ఉండాలని అలా చేయించాం. ఒక ఆస్పత్రికి ఎక్కువ, ఒకదానికి తక్కువ అని ఎవరూ అనుకోకూడదు గదయ్యా. ఒకే అడవి, ఒకే సొట్ట!"

లంబోదరంగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సొట్ట దగ్గర కూడా తేడా చూపించలేదు! ఇదయ్యా సమానత్వమంటే" అని తొండంతో కళ్ళు తుడుచుకున్నాడు. బండి దగ్గర నిలబడ్డ మైలన్న నవ్వాలో ఏడవాలో తెలియక నెమరు వేశాడు.

ఇలా ఎన్నేళ్ళు తిప్పినా తిప్పేవాళ్ళకేం? లాగేవాళ్ళకి కదా నొప్పి! బండికి రెండెద్దులు. కుడివైపు వలపట మైలన్న, ఎడంవైపు దాపట ఎర్రన్న. ఇద్దరూ చిన్నప్పట్నుంచీ ఒకే కాడి కింద ఎదిగారు. ఒకడు కాలు ఎత్తితే రెండోవాడి కాలు దానంతటదే లేచేది. బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్ళు. అడ్డదారి అంతా ఎర్రదుమ్ము. అందులోనూ ఎర్రన్న వైపు మరీ ఎక్కువ. ఏళ్ళ తరబడి ఆ దుమ్ము మింగీ మింగీ పోయిన విడతలో చివరికొండ ఎక్కుతూ ఎక్కుతూ ఎర్రన్న మోకాళ్ళ మీద కూలబడ్డాడు. దగ్గు ఆగలేదు. ఊపిరి అందలేదు. బండి మీదేమో ఊపిరి మిషను! దాన్ని దింపి ముక్కుకి తగిలించమని మైలన్న ఎంత బతిమాలినా నాగభూషణం విన్లేదు. "తర్వాతి ఆస్పత్రికి టైమైపోతోంది" అని ఎర్రన్నని చివరికొండ ఆస్పత్రిలో పడేసి, వాడి బదులు ఓ గాడిదని కట్టాడు.

ఎద్దుకీ గాడిదకీ ఒకే కాడి! ఎక్కడైనా ఉందా అండీ ఈ చోద్యం? కాడి ఓ పక్కకి ఒరిగి, బండి కుంటి నడక నడుస్తోంది. ఇప్పుడు మళ్ళీ చివరికొండ విడత వచ్చింది. దారి పొడవునా మైలన్న మనసంతా ఎర్రన్న మీదే.

"నాగభూషణంగారూ, ఒక మాటండీ."

"రెండు మాటలన్నా అడుగు. బండి మాత్రం ఆపకు."

"మా ఎర్రడికి ఊపిరందడం లేదంట. తనిఖీ అయిపోయాక ఈ మిషను కాసేపు వాడి దగ్గర..."

"ఓస్, ఇంతేనా! కాసేపేమిట్రా, నీ ఇష్టం వచ్చినంతసేపు ఉంచుకో. మనలో మనకి మొహమాటమా!"

మైలన్నకి ఒళ్ళు పులకరించింది. ఆ మాట పట్టుకుని గాడిద బరువు కూడా తనే లాగుతూ కొండెక్కేశాడు.

చివరికొండ ఆస్పత్రి అంటే ఓ పాక. దాన్ని చూసుకునేది కొండముచ్చు పోలమ్మ. కట్టు కట్టేది, కషాయం కాచేది, తిట్టేది, ఓదార్చేది అన్నీ ఆవిడే. ఎర్రన్న ఓ మూల గడ్డిలో పడున్నాడు. డొక్కలు ఎగిరెగిరిపడుతున్నాయి.

"వచ్చావా... బావా" అన్నాడు మూడు ఊపిర్లలో.

"వచ్చాన్రా."

"దాపట... ఎవర్ని కట్టారు?"

"గాడిదని."

ఎర్రన్న కళ్ళు పెద్దవయ్యాయి. "ఛీ! అయితే... నేను బతకాలి" అన్నాడు. మైలన్న నవ్వబోయి ఏడ్చేశాడు.

పోలమ్మ వాణ్ణి పక్కకి పిలిచింది. "ఏటి దాయడం, ఉన్నమాట సెప్తాను ఇను. లోపలంతా దుమ్ము పేరుకుపోనాది. ఆ మిషను ఇక్కడుంటే వానలు పడేదాకా నెట్టుకొస్తాను. వానలు పడి దుమ్ము అణిగితే ఆడే లెగిసి తిరుగుతాడు. మిషను నేకపోతే మాత్రం నాను ఏటీ సెప్పనేను."

ఇంతలో నేల అదిరింది. లంబోదరంగారు వచ్చాడు.

"మిషనుందా?"

"ఉందయ్యా."

"సొట్టుందా?"

"ఉందయ్యా."

"భేష్. పనిచేస్తుందా? చూపించండి."

చూపించక తప్పదు గదా! నాగభూషణం పరిగెత్తుకెళ్ళి తొడుగు తెచ్చి ఎర్రన్న ముక్కుకి తగిలించాడు. పోలమ్మ పిడి తిప్పింది. బుస్సు బుస్సుమంది. ఎర్రన్న డొక్కలు నెమ్మదించాయి. మెడ ఎత్తాడు. "బావా, గాలి ఎంత బాగుందిరా" అన్నాడు ఒక్క ఊపిరిలో. ఎన్నాళ్ళ తర్వాత విన్నాడో మైలన్న ఆ గొంతు!

పెరట్లో పండిన పనసపండు వాసన కొట్టేసరికి లంబోదరంగారు అటు తల తిప్పాడు. నాగభూషణం చటుక్కున తొడుగు లాగేశాడు. ఎర్రన్న మళ్ళీ గడ్డిలో కూలాడు. లంబోదరంగారు ఇటు తిరిగాడు, తొడుగు ముక్కుమీదుంది. అటు తిరిగాడు, లేదు. ఇటు తిరిగాడు, ఉంది. ఏనుగు చూస్తున్నంతసేపే ఎద్దుకి ఊపిరి!

పోలమ్మ ఇది కనిపెట్టింది. పనసపండు కోసి తెచ్చి సరిగ్గా ఎర్రన్న ఎదురుగా పెట్టింది. "అయ్యగోరూ, ఇలగ తూర్పు మొగం పెట్టి తినండి. ఆయుష్షు పెరుగుతాది."

"అది తూర్పా? నాకు పడమరలా ఉందే."

"మా కొండమీద అదే తూర్పయ్యా. ఇక్కడికి ఏటీ సరిగ్గా రాదు గదా."

లంబోదరంగారు పనస తిన్నాడు. అరటి గెల తిన్నాడు. బెల్లం గడ్డలు తిన్నాడు. గెల తాలూకు ఆకులు కూడా తిన్నాడు. ఆయన చూస్తూ తిన్నంతసేపూ ఎర్రన్న ఊపిరి పీలుస్తూనే ఉన్నాడు. ఆ పక్క నాగభూషణానికి తల ప్రాణం తోకకొస్తోంది. "అయ్యా, తుమ్మలబీడు ఆస్పత్రిలో తమ కోసం ఎదురుచూస్తున్నారయ్యా" అని చెవిలో జోరీగలా పోరుతున్నాడు. కానీ ఎంత ఏనుగైనా ఎంతసేపని తింటుంది? చివరికి ఓ పెద్ద త్రేన్పు త్రేన్చి లేచాడు.

"చాలా సంతోషమమ్మా. అన్నీ బాగున్నాయి. మరి వెళ్ళొస్తాను."

ఆయన గుమ్మం దాటాడో లేదో నాగభూషణం తొడుగు పీకేశాడు. "ఎత్తండి, ఎత్తండి! ఒరే మైలా, కాడి కిందకి రా!"

"అదేంటండీ" అన్నాడు మైలన్న. "ఇష్టమొచ్చినంతసేపు ఉంచుకోమన్నారు గదా."

"అన్నాన్రా. మర్యాదకి అంటాం. అన్నాను గదా అని నిజంగా అడిగేస్తావా? ఇదేం పద్ధతి!"

మైలన్న కదల్లేదు. వాడికి కోపం రావడం తక్కువ, వచ్చినా మెల్లగా వస్తుంది, నెమరులాగ లోపల్నుంచి. గడ్డిలో ఎర్రన్న మళ్ళీ మూడు ఊపిర్లకో మాట అయిపోయాడు. అది చూశాక మైలన్న నోట్లోంచి ఓ ప్రశ్న దొర్లింది.

"అయితే మరి... ఏనుగు దొరగారు వెళ్ళొస్తానన్నారు. అదీ మర్యాదకేనా?"

"మరి కాదట్రా? వెళ్ళొస్తానన్న ప్రతివాడూ వస్తే ఇళ్ళల్లో చోటుంటుందా?"

పోలమ్మ ఆ మాట కింద పడనివ్వలేదు. చెంగున పాక పైకెక్కి కొండ మారుమోగేలా అరిచింది. "అయ్యగోరో! మీరు ఎల్లొస్తానన్నారు గదా, అది ఒట్టి మాటేనంట! మీరు రారంట! ఈ నాగభూషణం బాబే సెప్తన్నాడు!"

రాజమార్గం మీద రెండు చెవులు చేటల్లా విచ్చుకున్నాయి. లంబోదరంగారు వెనక్కొచ్చాడు. నాగభూషణం గుండెల్లో రాయి పడింది.

"ఎవరయ్యా నాది ఒట్టి మాటన్నది?"

"అయ్యో, నేను కాదయ్యా, అది ఏదో..."

"వెళ్ళొస్తానన్నాను. అంటే వస్తాను. నా వంశంలో మాట తప్పినవాడు లేడు."

"ఎప్పుడొస్తారయ్యా?" అంది పోలమ్మ, పాక మీద నుంచే.

"అది చెప్తారుటమ్మా? చెప్పి వస్తే అది తనిఖీ ఎలా అవుతుంది? రేపే రావచ్చు. ఎల్లుండి రావచ్చు. ఆ రెండో పనసకాయ ఎప్పుడు పండుతుందో..." ఆయన చెట్టుకేసి ఓసారి చూశాడు. "ఎప్పుడొచ్చినా ఈ మిషను ఇక్కడే, ఈ ఎద్దు పక్కనే ఉండాలి. లేకపోయిందో, సర్దుబాటు అధికారినే సర్దేస్తాను."

నాగభూషణం కాళ్ళమీద పడ్డాడు. "అయ్యా, అయ్యా! ఒక్క సాయం చెయ్యండి. 'వెళ్ళొస్తాను' కాకుండా ఉత్తగా 'వెళ్ళిపోతున్నాను' అనేసి వెళ్ళండయ్యా. చాలు!"

పాకలో ఉన్న రోగులంతా హమ్మో అన్నారు. పోలమ్మ చెవులు మూసుకుంది. గాడిద కూడా తలొంచుకుంది. లంబోదరంగారి మొహం ఎర్రబడింది.

"ఏమన్నావ్? ఆస్పత్రి గుమ్మంలో, రోగుల ఎదుట నిలబడి 'పోతున్నాను' అనమంటావా? నేను పోవాలనా? మా ఇంట్లో పసిపిల్లలు కూడా అనరయ్యా ఆ మాట! ఛీ ఛీ, శాంతం పాపం, శాంతం పాపం!" అని తొండం ఎత్తి మూడు దిక్కులకీ నీళ్ళు చల్లుకుని, ఈసారి మరీ గట్టిగా "వెళ్ళొస్తాను!" అని గర్జించి వెళ్ళాడు.

మిషను అక్కడే ఉండిపోయింది. పోలమ్మ పిడి పట్టుకుంది. ఎర్రన్న నెమ్మదిగా ఊపిరి పీలుస్తున్నాడు. మైలన్న వాడి చెవి ఓసారి నాకి నిలబడ్డాడు.

నాగభూషణానికి మాత్రం నోట్లో వెలక్కాయ పడింది. ఏనుగు తుమ్మలబీడు దారి పట్టాడు. అక్కడ చూపించడానికి ఏముంది? అటూ ఇటూ చూశాడు. పెరట్లో ఓ కొత్త చెక్కపెట్టె కనపడింది. అందులో మందులు వస్తాయని ఎప్పుడో చెప్పారు. మందులు రాలేదు గానీ పెట్టె వచ్చింది. దానికి కన్నం పెట్టి, ఓ పాత గొట్టం దూర్చి, పక్కన ఓ కర్ర పిడిలా గుచ్చాడు. అంతా బాగానే ఉంది, గాలి? తనిఖీదారు ఇప్పుడు పనిచేయించి చూడ్డం మరిగాడాయె. ఇక గత్యంతరం లేక తనే పెట్టెలో దూరాడు.

"ఒరే మైలా, మూత వేసి బండి తోలు. లోపల్నుంచి నేను ఊదుతాను. ఈ గండం గట్టెక్కనీ, తిన్నగా వెనక్కొచ్చి ఆ సొట్టదాన్ని ఎత్తుకుపోతాను. ఆ ఏనుక్కి పనసకాయ గుర్తుంటుంది గానీ తనిఖీ గుర్తుండదు. మీ ఎర్రడి కథ సాయంత్రానికి మళ్ళీ మొదటికే!"

పెట్టెలో కూర్చుని కూడా పొగరు తగ్గలేదు చూశారా? మైలన్న మూత వేసి బిగించాడు. కానీ ఏం చెయ్యాలో తోచలేదు. నక్క పెట్టెలోంచి బయటికొస్తే ఎర్రడి ఊపిరి పోతుంది. అదొక్కటే బుర్రలో తిరుగుతుండగా బండి తుమ్మలబీడు చేర్చాడు.

తుమ్మలబీడు ఆస్పత్రి చివరికొండకి తమ్ముడు. అక్కడ ఓ ముసలి దున్న ఆయాసంతో ఈలలు వేస్తున్నాడు. పెట్టె దింపి పక్కన పెట్టేసరికి లంబోదరంగారు రానే వచ్చాడు. వస్తూనే ఆగిపోయాడు.

"ఇదేమిటి? సొట్ట లేదేం?"

ఇలాంటి వాటికి జవాబు చెప్పే ఒక్కగానొక్క ప్రాణి పెట్టెలో ఉంది. లంబోదరంగారు మైలన్నకేసి చూశాడు. మైలన్న జన్మలో ఏ అధికారితోనూ మాట్లాడి ఎరగడు. అబద్ధం ఆడ్డం అసలే చేతకాదు.

"ఇది వేరేదయ్యా" అన్నాడు.

"కొత్త రకమా?"

"ఇలాంటిది ఇంతవరకూ ఎక్కడా రాలేదయ్యా." అదీ నిజమే.

"ఊఁ. ఏదీ, పని చేయించండి."

దున్న ముక్కుకి తొడుగు తగిలించి, ఎవరో పిడి తిప్పినట్టు తిప్పారు. లోపల్నుంచి నాగభూషణం బుగ్గలు పగిలేలా ఊదాడు. ఉఫ్, ఉఫ్.

"అయ్యా, ఈ గాలికి ఎండ్రకాయల కంపు కొడుతోంది" అన్నాడు దున్న.

"మందు కలిపిన గాలి అలాగే ఉంటుంది. పీల్చు" అన్నాడు లంబోదరంగారు, బాగా చూద్దామని ఇంకో అడుగు ముందుకేస్తూ.

పెట్టె చెక్కల సందులోంచి తోక బయటికి వచ్చి ఉంది. కుచ్చులాంటి తోక. లంబోదరంగారు చూసుకోలేదు. ఆయన పాదం సరిగ్గా దానిమీద పడింది.

"అమ్మో! చచ్చాన్రో! నా వల్ల కాదు బాబోయ్, ఊపిరాడ్డం లేదు!"

లంబోదరంగారు చెవులు విప్పాడు.

"ఎవరది అరిచింది?"

"పెట్టెలోంచేనయ్యా" అన్నాడు మైలన్న.

లంబోదరంగారు పెట్టెని చూశాడు. దున్నని చూశాడు. "ఏమయ్యా, నీకు ఊపిరాడ్డం లేదా?"

"లేదయ్యా. అందుకే గదా ఇక్కడికొచ్చింది."

"నా వల్ల కాదు అనిపిస్తోందా?"

"చాన్నాళ్ళ నుంచీ అనిపిస్తోందయ్యా."

"ఆహాహా! చూశారా! రోగి నోరు విప్పకముందే జబ్బేమిటో మిషనే చెప్పేసింది! మనసు చదివే మిషను!"

తుమ్మలబీడు జనమంతా చంకలు గుద్దుకున్నారు. "మనం నక్క తోక తొక్కాం రోయ్!" అని ఒకటే గంతులు. తొక్కింది వాళ్ళు కాదు, లంబోదరంగారు. తొక్కడమేమిటి, ఇంకా కాలు తియ్యలేదు. లోపల నాగభూషణం గుడ్లు తేలేసి ఏడుస్తున్నాడు గానీ బయటపడే ధైర్యం ఎక్కడిది? మూత తీస్తే ఆ రెండో కాలు నెత్తిన పడుతుంది.

ఉన్నట్టుండి లంబోదరంగారి మొహం మాడిపోయింది.

"ఎద్దూ, నువ్వు అన్నిచోట్లకీ తిరుగుతావు గదా. ఇలాంటిది రాచగుట్టలో ఉందా?"

మైలన్న జవాబు చెప్పబోయి ఆగాడు. దర్బారు అరుగు మీద వరసగా పేర్చిన మిషన్లు కళ్ళముందు కదిలాయి. అన్నీ తను లాగినవే. సగం ఎర్రడు లాగినవే. వాడి బుర్రలో ఏదో నెమ్మదిగా, చక్రం ఇరుసులో పడ్డట్టు, చోటుకి వచ్చి పడింది.

"లేదయ్యా. అక్కడున్నవన్నీ మాటరాని పాతవే. ఉత్త గాలి ఇచ్చేవి."

లంబోదరంగారు ధబ్బున కూర్చుండిపోయాడు. "రాజుగారికి లేనిది తుమ్మలబీడుకా! ఎంత అన్యాయం! ఒకే అడవిలో ఇంత తేడానా! ఇన్నేళ్ళూ తిరిగానే, ఈ ఘోరం నా కంటపడలేదే!" అని భోరుమన్నాడు. "తక్షణం దీన్ని రాచగుట్టకి పంపాలి."

"మరి తుమ్మలబీడు వాళ్ళకో అయ్యా?" అన్నాడు మైలన్న.

"అక్కడి పాతవి ఇక్కడికొస్తాయి. పాతవి ఇంకెక్కడికి పోతాయయ్యా, ఇలాంటి చోట్లకి కాక?"

"వద్దు! వద్దు! రాచగుట్టకి వద్దు!" అంది పెట్టె.

"ఎంత వినయం!" అని మురిసిపోయాడు లంబోదరంగారు.

రాచగుట్ట దారిలో పెట్టె సన్నగా గొణిగింది. "మైలా, నా తండ్రీ, మూత తియ్యరా. నీకు పచ్చిగడ్డి పంపిస్తాను. ఎర్రడికి ఆ మిషను ఉంచేస్తాను, ఒట్టు."

"మర్యాదకా అండీ, నిజంగానా?"

"నిజంగానేరా!"

"ఏనుగుగారు వెనకాలే నడుస్తున్నారండీ. తియ్యమంటారా?"

పెట్టె సందులోంచి తోక లోపలికి ముడుచుకుంది. గాడిద మాత్రం ఆ రోజు మొట్టమొదటిసారి తిన్నగా నడిచింది.

సింహం మహారాజు అప్పుడే స్నానం ముగించి తడి జూలుతో కూర్చున్నాడు. లంబోదరంగారు సంగతంతా విన్నవించాడు. మహారాజు పెట్టె చుట్టూ ఓ చుట్టు తిరిగి కోర టకటకలాడిస్తూ అడిగాడు. "మిషనూ, నాకేం జబ్బు?"

కోర చప్పుడు చెక్క అవతల్నుంచే విన్నాడు నాగభూషణం. "ఏ జబ్బూ లేదు మహాప్రభూ! తమంత ఆరోగ్యవంతులు పద్నాలుగు లోకాల్లో లేరు!"

మహారాజు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. గొట్టం జూలుకేసి తిప్పాడు. ఉఫ్, ఉఫ్ మని గాలి వచ్చింది, వెచ్చగా, కొంచెం ఎండ్రకాయల వాసనతో.

"అబ్బ! ఇన్నాళ్ళూ ఆ ఇనప్పెట్టెలు నాకో మంచిమాట చెప్పాయా? చూస్తేనే పరువు తక్కువగా ఉంది. అరుగు మీంచి తీసెయ్యండి. చిరుత బావమరిది దగ్గరున్నది కూడా లాక్కురండి. కొండలకీ బీళ్ళకీ ఎక్కడికో అక్కడికి తోలెయ్యండి. నా అడవిలో నా దానికంటే తక్కువ రకానివి వాళ్ళ దగ్గరుండాలి గదా, లేకపోతే ఏం న్యాయం?"

న్యాయమో కాదో మైలన్న అడగలేదు. మహారాజు మాట పూర్తి కాకముందే బండి వెనక్కి తిప్పి అరుగుకి ఆనించాడు. ఒక్కో ఆస్పత్రికీ ఒక్కో మిషను దింపుకుంటూ పోయాడు. తుమ్మలబీడులో దున్న ముక్కుకి మొదటిసారి కంపులేని గాలి తగిలింది. చివరికొండలో సొట్టది ఎక్కడికీ కదల్లేదు. పోలమ్మ పిడి తిప్పుతూనే ఉంది. వానలు పడ్డాయి. ఎర్రదుమ్ము అణిగింది. ఎర్రన్న నాలుగు కాళ్ళమీద లేచి నిలబడి, ముందు గాడిదని కాడి కింద నుంచి తరిమాడు.

రాచగుట్టలో ఇప్పటికీ తెల్లవారగానే సింహంగారి స్నానం అవుతుంది. నాగభూషణం ఉఫ్, ఉఫ్ మని జూలు ఆరబెడతాడు. మధ్యమధ్య "ఏ జబ్బూ లేదు మహాప్రభూ" అంటాడు. ఓ రోజు ఊదలేక ఏడుస్తుంటే సింహంగారు చెవి ఒగ్గి విని, "పాపం, దీనికే ఏదో ఆయాసంలా ఉందే. ఓ ఊపిరి మిషను తెప్పించండి" అన్నాడు. వెతికారు. రాచగుట్ట అంతా గాలించినా ఒక్కటి లేదు.

నీతి: ఎదుటివాడి ఊపిరిని ప్రదర్శన సరుకు చేసినవాడు తనకి ఊపిరి అక్కర పడ్డప్పుడు ఖాళీ పెట్టెలోనే ఉంటాడు.